ఇస్త్రీ వదిన కుట్టిన కోడిపుంజు

మా వదిన ముందు ఎవరైనా "పోనీలే" అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆ మాట చేతకానివాళ్లు కనిపెట్టిందంటుంది. అలాంటి మనిషితో లాండ్రీ యజమాని, "పోనీలేమ్మా, ఆ చెయ్యి ఇక అయిపోయింది, ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఎడమచేత్తో గిన్నెలన్నీ తోమింది. నేను తోమి బోర్లించినవి కూడా మళ్లీ తీసి తోమింది.

నేను ఆమె ఆడపడుచుని. వాళ్ల పైవాటాలో ఉంటాను. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ వదినే. పెళ్లైన కొత్తలో ఆ లాండ్రీలో చేరింది, అప్పటినుంచి హోటళ్ల దుప్పట్లు, బల్లగుడ్డలు, వంటవాళ్ల తెల్లకోట్లు, అన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్లాయి. ఒకరోజు పెద్ద ఆవిరి ప్రెస్సు మూత పట్టు తప్పి కుడి అరచేతిమీద పడింది. పుండు మానింది కానీ చర్మం బిగుసుకుపోయి మూడు వేళ్లు సగం ముడుచుకుని ఆగిపోయాయి. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. ఆమెను ఇంటికి పంపి వారం తిరక్కుండానే యజమాని ఆమె బల్ల దగ్గర ఇంకో మనిషిని నిలబెట్టాడు. మా వదినకు మంట తగిలింది అక్కడ. అరచేతిలో తగిలింది దానిముందు ఎంత!

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. రెండు రోజులు పిసికి దాన్ని అలమర మీదికి విసిరేసింది వదిన. "బంతితో ఆడుకోడానికి నేను చంటిపిల్లనా?" అంది. అయితే ఏదైనా సన్నపని చెయ్యి, సూదిపనైతే ఇంకా మంచిది, వేళ్లు కదలకపోతే ఇక ఎప్పటికీ అంతే అంది డాక్టరమ్మ. ఆ "ఎప్పటికీ" అన్నమాట వదిన మొహాన్ని ఎలా మార్చిందో నేను పక్కనే ఉండి చూశాను. మర్నాడే నన్ను వెంటేసుకుని గ్రంథాలయం మేడమీద జరిగే క్రాస్‌స్టిచ్ క్లాసులో చేరింది.

మా అన్నయ్య పేపరు దించకుండానే నవ్వాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంగాల్సింది వేళ్లు, నేను కాదు" అంది వదిన.

క్లాసులో అందరికంటే పెద్దది ఆమే. టీచరు సన్నగా, చురుగ్గా ఉండే పిల్ల. మొదటిరోజు అందరికీ చిన్నచిన్న చిల్లులు వరసగా ఉన్న తెల్లగుడ్డ, మొన మొద్దుగా ఉన్న సూది, గుడ్డను బిగించే చెక్క రింగు ఇచ్చింది. దారంలో ఆరు పోగులుంటాయి, రెండే విడదీసుకోవాలి. గుడ్డను నాలుగు మడతలు పెడితే మడతలు కలిసేచోటే నడిమధ్య, అక్కడినుంచే మొదలుపెట్టాలి. ఒక చిల్లులోంచి పైకి, ఐమూలగా అవతలి చిల్లులోకి కిందికి. వరసంతా అలా ఒకవైపుకు వాలిన గీతలు కుట్టుకుంటూ పోయి, వెనక్కి వస్తూ వాటిమీద అడ్డంగా రెండో గీత వేస్తే ఒక్కో గడి నిండుతుంది. పైన పడే గీతలన్నీ ఒకేవైపు వాలాలి, లేకపోతే బొమ్మ చిందరవందరగా కనిపిస్తుంది. వెనకవైపు ముడి వెయ్యకూడదు. దారం కొసను కుట్ల కింద నొక్కిపెట్టాలి.

"అంతేకదా!" అంది వదిన.

అంతే కాదని తెలియడానికి గంట పట్టలేదు. వేళ్లలో సూది నిలిచేది కాదు. కిందపడితే వంగి వెతికి, మళ్లీ పట్టుకుని, మళ్లీ పడేసేది. నేను అందివ్వబోతే కసురుకునేది. మా బల్ల దగ్గర ఇద్దరమ్మాయిలు అప్పటికే చెర్రీపళ్లు కుట్టేసి ఫోటోలు తీసుకుంటున్నారు. మా వదిన మాత్రం చెమటలు కక్కుతూ నాలుగు గళ్లు నింపింది. ఆ నాలుగింటిలో ఒకటి అటు వాలితే ఒకటి ఇటు వాలింది. చెట్టుకొకటి పుట్టకొకటి అన్నట్టు ఉన్నాయి.

"ఇవి విప్పేద్దామా?" అంది టీచరు మెల్లగా.

"విప్పుతా. మీరు ముట్టుకోకండి. నా తప్పు నేనే విప్పుకుంటా."

బొమ్మల పుస్తకంలోంచి ఆమె ఎంచుకున్నది ఎర్ర కోడిపుంజు. మొదటిసారి కుట్టేవాళ్లకు అది కష్టం, చిన్న పువ్వేదైనా తీసుకోమని టీచరు చెప్పి చూసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా వదిన. పుంజునే పట్టుకుంది. ఎందుకని దారిలో అడిగాను.

"మెడ చూడవే, ఎలా నిక్కి నిలబడిందో!" అంది.

ఇంట్లో వంటయ్యాక కిటికీ దగ్గర పీట వేసుకుని కూచునేది. లెక్క తప్పితే వరసంతా తప్పుతుంది కాబట్టి పెదాలు కదుపుతూ గళ్లు లెక్కపెట్టేది. అప్పుడు మా అన్నయ్య కాఫీ అడిగితే ఒంటికాలి మీద లేచేది. పాపం, ఆయన కాఫీ పెట్టుకోవడం అలా నేర్చుకున్నాడు. వేళ్లు నొప్పెట్టి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అవి దారం కనబడక వచ్చిన నీళ్లని బుకాయించేది. నేను నమ్మినట్టే ఊరుకునేదాన్ని.

పుంజు తురాయి పూర్తయిన రోజున కొంప మునిగింది. రింగు తీసేసరికి గుడ్డమీద గుండ్రంగా మడత పడి ఉంది. ముడత కనబడితే మా వదిన చెయ్యి ఊరుకోదు. నేను మేడ దిగి వచ్చేసరికి, గుడ్డ పరిచి, నీళ్లు చిలకరించి, వేడివేడి ఇస్త్రీపెట్టె పెట్టి ఎడమచేత్తో బలంగా ఒత్తేసింది. అదీ కుట్టు పైకి ఉండగానే. లాండ్రీ తెలివి లాండ్రీలోనే పనికొస్తుంది. కుట్లు అణిగి అప్పడాలయ్యాయి. ఎర్రదారం రంగు దిగి తెల్లగుడ్డంతా గులాబీరంగు మరకైంది.

అన్నయ్య వచ్చి తొంగిచూశాడు. "పుంజుకు జ్వరమొచ్చినట్టుందే!"

నాకు నవ్వొచ్చింది కానీ వదిన మొహం చూసి మింగేశాను. ఆమె ఆ మరకను బొటనవేలితో రుద్దుతూ కూచుంది. ఎన్ని గుడ్డల మరకలు పోగొట్టిన మనిషో! తన గుడ్డమీది మరక పోలేదు.

మర్నాడు టీచరు దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి నిట్టూర్చింది. "పోనీలెండి పిన్నిగారూ, ఇది పక్కన పడేద్దాం. కొత్త గుడ్డ ఇస్తాను."

ఆ పిల్లకేం తెలుసు? నేను కళ్లు మూసుకున్నాను.

"పడెయ్యను" అంది వదిన. గొంతులో కోపమూ ఉంది, ఏడుపూ ఉంది. "మరక పడగానే పారేస్తూ పోతే ఇక నేనెక్కడుండాలమ్మా? దీన్నే కుడతా. ఎలా వస్తే అలా వస్తుంది."

అందరూ కుట్టడం ఆపేశారు. టీచరు కాసేపు గుడ్డ వంకా, వదిన చేతి వంకా చూసింది. తర్వాత గుడ్డ తిరిగి ఇచ్చేసి, "సరే. కానీ ఇకనుంచి తువ్వాలు పరిచి, కుట్టు కిందికి ఉండేలా తిరగేసి, పొడిగా, మెల్లగా ఒత్తండి" అంది.

దారంతా సణుగుతూనే ఉంది వదిన. "నాకు ఇస్త్రీ నేర్పేవాళ్లు కూడా పుట్టారు చూడు!" అంది. ఇంటికి వెళ్లగానే తువ్వాలు వెతికింది.

పుంజు రెక్కలు పడ్డాయి, తోక పడింది. ఎప్పుడు జరిగిందో తెలీదు, ఒకరోజు చిక్కుపడ్డ దారాన్ని తిట్టుకుంటూ విడదీస్తున్న వదిన చటుక్కున ఆగిపోయింది. ఇన్నాళ్లూ కదలని ఉంగరపు వేలు బొటనవేలిని తాకి ఉంది. నావైపు చూసింది. ఆమె వేళ్లు విప్పి, మళ్లీ తాకించి చూసుకుంది. నాకైతే గట్టిగా అరవాలనిపించింది.

వీధిలో మాట దాగుతుందా! యజమాని చెవిన పడింది. ఆమె బల్ల దగ్గర పెట్టిన మనిషి పని బాగోలేక రెండు హోటళ్లు దుప్పట్లు వెనక్కి పంపాయట. చెయ్యి కాలింది మా వదినది, ఆకులు వెతుక్కుంటున్నది ఆయన. సోమవారం నుంచి వచ్చెయ్యమని కబురు పంపాడు.

"పిలిచి మరీ ఇస్తున్నాడు" అన్నాడు అన్నయ్య. "ఇంకేం కావాలి?"

"ఇన్నాళ్లూ నా జీతం లేకుండా ఇల్లు నడవలేదా?"

"నడిచింది. కుంటుతూ నడిచింది."

"కుంటనీ కొన్నాళ్లు. ఇంకో పని చూసుకుంటా." అన్నయ్య ఏదో అనబోయి, భార్య కళ్లు చూసి పేపరు ఎత్తుకున్నాడు. తర్వాత పేపరు వెనకనుంచి, "నీ చెయ్యి, నీ ఇష్టం" అన్నాడు. అంతమాట ఆయన నోటినుంచి రావడం పెద్ద సంగతే.

సోమవారం పొద్దున్నే మా వదిన తల దువ్వుకుని లాండ్రీకి బయల్దేరింది. మనసు మార్చుకుందేమోనని వెనకే వెళ్లాను. లోపల సబ్బు, ఆవిరి కలిసిన వాసన. యజమాని కుర్చీలోంచి లేచి మరీ ఎదురొచ్చాడు.

"రామ్మా రా! నీ బల్ల నీకోసమే ఖాళీ చేయించాను."

వదిన బల్ల దగ్గరికి వెళ్లి అన్నిటికంటే పెద్ద దుప్పటి తీసి పరిచింది. పెద్ద ఇస్త్రీపెట్టెను కుడిచేత్తో ఎత్తింది. వేళ్లు అయిదూ పిడి చుట్టూ మూసుకున్నాయి. అంచు నుంచి అంచుకు, మూల నుంచి మూలకు, ఎక్కడా ఆగకుండా లాగింది. నొప్పి ఉందని ఆమె బిగిసిన దవడ చూస్తే నాకు తెలుస్తూనే ఉంది. మడత పెట్టి, దుప్పటిని యజమాని చేతుల్లో పెట్టింది. ఒక్క ముడత లేదు. పనివాళ్లంతా చేతిలో పని ఆపి చూస్తున్నారు.

"చూశారా?" అంది. "అయిపోలేదు."

"అందుకేగా రమ్మంది!" అన్నాడాయన నవ్వుతూ.

వదిన ఇస్త్రీపెట్టెను నిలబెట్టి స్విచ్చి కట్టేసింది.

"ఆ రోజు మీరు పంపిస్తే వెళ్లాను" అంది. "ఇవాళ నేనే వెళ్తున్నాను."