బయటికి రాని తాళం చెవి

మా చిన్నమ్మ గద్వాలలో చీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీస్తుంది. మోకాళ్ల నొప్పులతో మగ్గం మీద కూర్చోవడం మానేశాక అదే ఆమె పని. మొదట గళ్ల కాగితం మీద గీసేది, తర్వాత ఫోన్‌లో వేలితో గీయడం నేర్చుకుంది. నేను వనపర్తిలో ఇంటి నుంచే ఒక చిన్న కంపెనీకి మొబైల్ యాప్‌లు రాస్తాను. హంసల అంచు సంగతి జరిగేదాకా ఆమె పనికీ నా పనికీ ఏ సంబంధమూ లేదు.

ఆ అంచును ఆమె ఒక చీరల సేటుకు ఫోన్‌లో పంపింది. ఆయన నచ్చలేదన్నాడు. అది ఇంకా మగ్గం ఎక్కకముందే, మరమగ్గం మీద నేసిన చీరల మీద అదే అంచు బజారులో కనిపించింది. ఫొటో ఎవరి నుంచి ఎవరికి పోయిందో తేలలేదు. చిన్నమ్మ ఎవరితోనూ కొట్లాడలేదు. బస్సెక్కి నేరుగా మా ఇంటికి వచ్చింది.

“గంత మందికి యాపులు జేస్తవు గదా బిడ్డా. నా గీతలు నాకు తప్ప ఎవ్వలకు కనవడకుండ ఒకటి జేసియ్యరాదూ?”

సెలవు రోజుల్లో కూర్చుని చేసిచ్చాను. ఆమె గీసిన ప్రతి బొమ్మనూ యాప్ గజిబిజి రాతగా మార్చి ఫోన్‌లో దాస్తుంది, ఒక నకలు ఇంటర్నెట్‌లోనూ ఉంచుతుంది. అది మళ్లీ బొమ్మ కావాలంటే తాళం చెవి కావాలి. చెవి అంటే ఒక పొడవాటి సంఖ్య, అంతే. దాన్ని ఎక్కడ ఉంచాలన్నదే అసలు చిక్కు. యాప్ రాతలోనే పెడితే నాకు పని సులువు, కానీ యాప్‌ను విప్పి చూసే నేర్పున్న ఎవరికైనా దొరికిపోతుంది. ఫోన్‌లో మామూలు ఫైలుగా పెట్టినా పెద్ద తేడా లేదు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి లోపల ఇందుకోసమే ఒక విడి చోటుంది. చెవి అక్కడే పుడుతుంది, అక్కడే ఉంటుంది. యాప్‌కు కూడా కనిపించదు. ‘దీన్ని తెరిచి ఇవ్వు’ అని అడగడం వరకే యాప్ చేయగలది, అదీ చిన్నమ్మ వేలు పెట్టాకే. నేను అలాగే రాశాను.

ఫోన్ పాడైతే ఎలా అని, రెండో చెవిగా పనికొచ్చే కొన్ని మాటలు చూపించి రాసిపెట్టుకోమనే తెర కూడా ఒకటి పెట్టాను. చిన్నమ్మ దాన్ని చదివి తల అడ్డంగా ఊపింది.

“రాసిపెడితే ఎవలో ఒకలు సూస్తరు. మల్ల గదే కత. వద్దు బిడ్డా.”

కాపీ అయిన అంచు ఇంకా ఆమె కళ్ల ముందే ఉంది. నేను రెండోసారి అడిగి చూశాను, మూడోసారి అడగలేదు.

ఏడాది పైగా అంతా బాగానే నడిచింది. ఒక ఎండాకాలం ఉదయం నూలు రంగు చూడటానికి ఆమె అద్దకం వాళ్ల ఇంటికి వెళ్లింది. ఉడుకుతున్న బాన మీదికి వంగింది. రవికలో దోపుకున్న ఫోన్ జారి ఎర్రరంగు నీళ్లలో పడింది. గద్వాల బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అతను దాన్ని విప్పి, ఆరబెట్టి, చివరికి లోపలి బోర్డు కాలిపోయిందని తేల్చాడు.

కొత్త ఫోన్ తీసుకుని నేనే వెళ్లాను. యాప్ ఎక్కించాను. ఇంటర్నెట్‌లో దాచిన నకళ్లన్నీ దిగాయి, కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. తెర మీద వరుసగా బూడిదరంగు డబ్బాలు కనిపించాయి.

“ఏందిది? తీయ్ మరి,” అంది చిన్నమ్మ.

“నాతోని గాదు చిన్నమ్మా. చెవి ఆ ఫోన్లనే పుట్టింది, దాంతోనే పోయింది. బయటికి రాదు.”

“నువ్వు జేసిందే గదా!”

“నేను జేసిందే. నాకు గూడ రాదు.”

ఆమె ఒక డబ్బా మీద తన వేలు పెట్టి చూసింది. నేను ఎక్కడో ఇంకో చెవి దాచి ఉంటానని అప్పటిదాకా ఆమె నమ్మకం. తర్వాత నెమ్మదిగా, “అయితే ఆ సేటుకు గూడ రాదు,” అంది. కోపంగా అనలేదు. లేచి వెళ్లి చాయ్ పెట్టింది.

ఆ వారమంతా మేమిద్దరం వెతుకులాటలో పడ్డాం. మగ్గాల మీద ఉన్న అంచులకు డిజైన్ ప్రకారం చిల్లులు కొట్టిన జకార్డు అట్టలు ఉన్నాయి కాబట్టి అవి దొరికాయి. పాత అట్టలను కొన్నింటిని ఎలుకలు కొరికేశాయి. వాటికి చీరలే దిక్కు. ఏ చీర ఎవరింటికి పోయిందో తెలిసినంత వరకు అడుగుతూ పోయాం. వీపనగండ్లలో ఒక రైతు ఇంట్లో చిన్నమ్మ గోపురం అంచు పెళ్లిచీర ఉందని తెలిసి అక్కడికి వెళ్తే, ఆ ఇల్లాలు నొచ్చుకుంటూ చెప్పింది.

“చీర ఏడున్నదక్కా, మొన్ననే పిల్లకు లంగా కుట్టిచ్చిన.”

లంగా వేసుకున్న పిల్ల వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెత్తుతోంది. చిన్నమ్మ దాన్ని పట్టుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. దానికి బెల్లం ముక్క ఇప్పించి, అంచు మోకాళ్ల మీద పరిచి, దారం దారం లెక్కపెడుతూ గీసుకుంది. పిల్ల కదిలినప్పుడల్లా లెక్క తప్పేది. విసుక్కోవాల్సిన చిన్నమ్మ నవ్వింది. ఫోన్ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

దొరకనిది ఒక్కటే. నాగర్‌కర్నూల్ చుట్టాల పెళ్లికి పోయి, అటునుంచి మన్ననూరు దాకా వెళ్లి తిరిగొస్తూ బస్సులో గీసుకున్న అంచు. ఆకురాలిన అడవిలో కొమ్మల మధ్య ఎండ పడిన తీరు చూసి గీశానని చెప్పింది. అది ఎవరూ నేయలేదు, ఎవరూ చూడలేదు. మళ్లీ గీయబోయి రెండుమూడు సార్లు చెరిపేసింది.

“గా బస్సుల కూసున్నప్పుడు అచ్చింది. ఇప్పుడు రమ్మంటె రాదు. పోనీ,” అని ఫోన్ పక్కన పెట్టింది. నాకే మనసు ఒప్పుకోలేదు. యాప్‌ను మార్చి రాయడం మొదలుపెట్టాను.

కొత్త పద్ధతిలో ఇద్దరు మనుషులు కావాలి. చిన్నమ్మ ఫోన్ పోతే, ఆమె మనసులో ఉంచుకున్న మాట ఒకటి, ఇంకొకరి ఫోన్‌లోని చెవి ఒకటి కలిస్తేనే బొమ్మలు తెరుచుకుంటాయి. విడిగా దేనితోనూ ఏమీ కాదు. ఆ ఇంకొకరు ఎవరని అడిగాను. నన్నే అంటుందనుకున్నాను.

“మా యారాలు,” అంది.

యారాలు అంటే మా చిన్నాయన అన్న భార్య. పక్క వాటాలోనే ఉంటుంది. నీళ్ల మోటారు గొడవతో ఇద్దరికీ మాటలు లేక చాలా కాలమైంది.

“ఆమెతోని మాట్లాడనే మాట్లాడవు గదా?”

“మాట్లాడకుంటె ఏమాయె? నోరు సెడ్డది గని మనిషి సెడ్డది గాదు. ఒగల సొమ్ము ముట్టది. నువ్వు వనపర్తిల ఉంటవు, ఆమె గోడవతల ఉంటది.”

పిలవడానికి నేనే వెళ్లాను. ఆమె రొట్టెలు చేస్తూ చేస్తూ లేచి వచ్చింది. సంగతి విని, “నన్నే అన్నదా?” అని రెండుసార్లు అడిగింది. ఆమె ఫోన్‌లో యాప్ ఎక్కించి వేలు పెట్టమంటే అది గుర్తుపట్టలేదు, వేలికంతా జొన్నపిండి.

“జర శేతులు కడుక్కోని రా,” అంది చిన్నమ్మ గోడ వైపు చూస్తూ.

ఆమె కడుక్కొని వచ్చి వేలు పెట్టింది. చిన్నమ్మ అటు తిరిగి తన మాట తాను కొట్టింది. సరిచూడటానికి పక్కన పెట్టిన నా పాత ఫోన్‌లో, చిన్నమ్మ మళ్లీ గీసుకున్న బొమ్మలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. యారాలు తల వంచి వాటన్నింటినీ నిదానంగా చూసింది. అన్నేళ్లు పక్కనే ఉన్నా చిన్నమ్మ గీతలు ఆమె చూడటం అదే మొదటిసారట.

“ఈ నెమలి దానికి ఎరుపు వద్దు. పచ్చ ఎయ్యి,” అంది.

ఆ అంచు మగ్గం ఎక్కిన రోజు చూశాను. చిన్నమ్మ పచ్చ పట్టే వేయించింది.