తెల్ల చీరల క్వయరూ, మామ లోపలి గదీ

ఆ రోజుల్లో బళ్ళారిలో తెల్లటి వస్తువు కొనేవాళ్ళను చూస్తే నాకు జాలేసేది. పొద్దున ఉతికి ఆరేసిన దుప్పటి మధ్యాహ్నానికి ఇటుక రంగుకు తిరిగేది. యశ్వంతనగర్ వైపు నుంచి ఇనుప ఖనిజం ఎత్తుకొచ్చే లారీలు మా దుకాణం ముందు ఒకదాని వెనక ఒకటి నిలబడేవి. ఊళ్లో ప్రతివాడూ లారీ కొన్నాడు, కొననివాడు కొంటానని చెప్పుకు తిరిగాడు. అందరూ దుమ్మును తిట్టేవాళ్ళే. అది కాస్త తగ్గిన రోజు మాత్రం "ఏందప్పా, ఈ పొద్దు లోడింగ్ లేదా?" అని దిగులుపడేవాళ్ళు. అలాంటి ఊళ్లో నేను బీఎస్సీ ముగించి, ఉద్యోగమివ్వడానికి ఎవరికీ ధైర్యం చాలక (నా నోటి సంగతి నాకంటే ముందే ఇంటర్వ్యూలకు చేరిపోయేది) మా మామ బోర్డుల దుకాణంలో కూర్చున్నాను.

మామ మా అమ్మకు తమ్ముడు. చర్చి గోడ మీద వాక్యాల నుంచి లారీల వెనక దేవుళ్ళ పేర్ల దాకా అన్నీ కుంచెతోనే రాసేవాడు. ఆయన అక్షరం కోసమే కొత్త లారీలు మా గుమ్మం ముందుకు వచ్చేవి. అయితే నేను చేరేనాటికే ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ అనం. ముందు గదిలో నలుగురి మధ్య కూర్చుని రాసే మనిషి లోపలి గదిలోకి మారి తలుపు వేసుకున్నాడు. అడిగితే "బయట ఎండ జాస్తి ఉండాది" అనేవాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకొని, ఒకప్పుడు ఒక్క పూటలో ముగించే బోర్డును రోజుల తరబడి రాసేవాడు. లారీవాళ్ళు ఆగుతారా? ప్రింటింగ్ మిషన్ ఉన్న దుకాణాలకు నడిచారు. మిషన్ కొనకపోతే మా దుకాణం మూతపడుతుంది. కొంటే, ఎందుకు కొన్నావని జనం మామను అడుగుతారు. ఆ ప్రశ్న ఆయన దాకా రాకుండా మిషన్ కొనడమెలా అన్నదే మా అసలు బాధ. పైకి మాత్రం ప్రింటర్ల మీద కొట్లాడుకున్నాం.

మిషన్లు అమ్మడానికి హుబ్బళ్ళి నుంచి వచ్చినాయన గోడంత వెడల్పున్న ఫ్లెక్స్ ప్రింటర్ బొమ్మ చూపించాడు. అది ముందు గదిలో తప్ప ఎక్కడా పట్టదు. బెంగళూరు నుంచి వచ్చినాయన (టై కట్టుకొని వచ్చాడు, మా ఎండలో!) అంతకంటే చిన్న ప్రింటరూ, రేడియం స్టిక్కర్లు కోసే కటింగ్ మిషనూ జతగా ఇస్తానన్నాడు. వాటిని తలుపులు మూసుకునే గదిలో పెట్టాలన్నాడు. అంటే మామ గదిలో. మామకు ఆ క్షణం నుంచే హుబ్బళ్ళి మిషన్ తెగ నచ్చేసింది.

"లారీలకు కావాల్సింది స్టిక్కర్లు మామా," అన్నాను. "లీడర్ల బ్యానర్లు నమ్ముకుంటే ఎట్ల? పుట్టినరోజు ఏడాదికి ఒగసారే వస్తాది."

"ఈ ఊర్లో లీడర్లు తక్కువైనారా వకీలమ్మా? దినామూ ఎవడో ఒగడు పుడతానే ఉంటాడు." (నేను చదవని వకీలు చదువుకు పట్టా ఇచ్చింది మామే.) "అయినా రెండు మిషన్లంటే రెండు తలనొప్పులు."

"ఒగటి చెడిపోతే ఇంగోటి నడుస్తాది గదా!"

"రెండూ చెడిపోతే?"

"అప్పుడు నువ్వు..." అని ఆగిపోయాను. నువ్వు రాస్తావు గదా అనబోయి నాలుక కరుచుకున్నాను. మామ కుంచెలు తుడుచుకుంటూ విననట్టే ఉన్నాడు.

చివరికి పరీక్ష పెడదామన్నాను. ఇద్దరూ ఒకే బొమ్మను ఒకే సైజులో ప్రింటు తీసి పంపాలి. ఎవరి రంగు ఎండకు నిలబడితే వాళ్ళదే కొందాం. బొమ్మ మా చర్చిలో పాటలు పాడే క్వయర్ ఆడవాళ్ళది, అందరూ తెల్ల చీరల్లో. ముందు వరసలో మా అత్త. హుబ్బళ్ళి ప్రింటును అత్త "నా బొమ్మ నా వరండాలోనే ఉండాల" అని చర్చి కాంపౌండులోని తమ ఇంటికి పట్టుకుపోయి, వేపచెట్ల వెనక కట్టించింది. బెంగళూరుది దుకాణం ముందు, లారీల రోడ్డుకు ఎదురుగా కట్టాం. కట్టిన తాడు కూడా రెండింటికీ ఒకటే ఉండాలని పట్టుబట్టాను, అంత శాస్త్రీయం! బొమ్మలున్న చోటు వేరన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. మా ఊళ్లో దుమ్ము ఎవరి లెక్కలోకీ రాదు, ఆకాశంలాగా అది ఉండనే ఉంటుంది.

వారం తిరక్కముందే దుకాణం ముందున్న చీరలన్నీ ఎర్రబడ్డాయి. మామ మొహం వెలిగిపోయింది. "చూడు నీ బెంగళూరోని రంగు! క్వయరంతా సన్యాసుల్లో కలిసిపోయినారు." నా పరీక్షలో నేనే ఓడిన కసితో బెంగళూరాయనకు ఫోన్ చేసి, రంగుల రసాయనం గురించి క్లాసు పీకాను. ఆయన పాపం ఓపిగ్గా, "రంగు వెలిస్తే తెల్లబడాల గదమ్మా, ఎర్రగెట్లయితాది?" అన్నాడు. "మా ఊరి ఎండ అట్లాంటిది!" అని ఫోన్ పెట్టేశాను. (బీఎస్సీ, ఫస్ట్ క్లాసు.)

ఆ సాయంత్రం స్త్రీల సమాజానికి వెళ్తూ అత్త దుకాణం దగ్గర ఆగింది. బొమ్మలో తనను చూసుకొని "అయ్యో, ఇదేం గతి!" అని, కొంగు నీళ్ళలో తడిపి తన బొమ్మ వరకు మాత్రం తుడుచుకుంది. అత్త ఒక్కతే తళతళా తెల్లగా, చుట్టూ క్వయరంతా ఎర్రగా. మామ పడీపడీ నవ్వాడు. "దేవుడు నిన్నొక్కదాన్నే కడిగినాడే!"

"సుమ్నె ఉండప్పా నువ్వు, నవ్వింది చాలు," అంది అత్త. "దుమ్ము తుడిచేకి మీ దుకాణంలో ఒగ గుడ్డ లేదా?"

నవ్వు ముందు నాకు ఆగింది, తర్వాత మామకు. హుబ్బళ్ళాయనకు ఫోన్ చేసి, మిషన్ మీద ఈ దుమ్ము పడితే ఏమవుతుందని అడిగాను. రంగు చిమ్మే హెడ్డు మూసుకుపోతుంది, షట్టర్ దించుకొని నడపండి అన్నాడు. "షట్టర్ దించితే గిరాకి యాడ నుంచి వస్తాది?" అన్నాడు మామ, ఫోన్ తోనో నాతోనో తెలియకుండా. ఇక ముందు గదిలో ఏ మిషనూ కుదరదు. నేను గెలిచాను. మామ లోపలి గది తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఇంగేదైనా మిషన్ చూద్దాంలే మామా, తొందరేముండాది" అన్నాను. గెలిచిన వాదాన్ని నా అంతట నేను వదులుకోబోయింది అదొక్కసారే.

"వద్దులే పాపా. ఆ బెంగళూరాయన్నే రమ్మను" అన్నాడు. తన డబ్బాలు, కుంచెలు తనే మోసుకొని బయటికి తెచ్చుకున్నాడు.

మిషన్లు వచ్చి, పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళాక, మామ ముందు గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. పాత గిరాకి, పది చక్రాల లారీ ఓనరు ఒకాయన వచ్చి అడగనే అడిగాడు. "ఏం పెయింటరప్పా, ఎండ జాస్తి అని లోపలే ఉంటాంటివే! మిషన్ ఎందుకు తెచ్చినావు, నీ చెయ్యి చాలదా?"

నేను లోపలి నుంచి పరుగున వచ్చాను, జవాబులు దట్టించుకొని: లారీలు పెరిగాయి, కాలం మారింది, నీకెందుకయ్యా. నోరు తెరిచేలోగా మామ కుడి చెయ్యి ఎండలోకి చాపాడు. "చూడప్పా, వణుకుతాండాది. గీత నిలబడల్లేదు."

లారీ ఆయన వంగి ఆ చెయ్యి చూశాడు. "మా బండి గేరు రాడ్డు ఇంతకంటే ఊగుతాది. బండి నడవడంల్యా?" అన్నాడు. "సరే, ఏ అచ్చరం బాగుంటాదో నువ్వే చెప్పు, మిషన్ను నమ్మలేను."

మామ ఆ చేత్తోనే గాలిలో ఒక అక్షరం గీసి చూపించాడు, వంపు ఎక్కడ రావాలో, ఎక్కడ ఆగాలో. నా జవాబులు ఏవీ ఎవరికీ అక్కర్లేకపోయాయి. లోపలికి పోయి మిషన్ ముందు కూర్చున్నాను.

ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు దగ్గరపడింది. కటింగ్ బ్లేడు మొన ఎటు తిరిగి ఉందో సరిగా కనబడదు. దుకాణంలో ఎవరైనా గమనిస్తే "ఈ ట్యూబులైటు దండగది" అంటాను, అంత గట్టిగా అంటాను గనక ఎవరూ ఎదురు చెప్పరు. ఆనాటి వకీలమ్మ ఉంటే నాతో నిజం ఒప్పించేదాకా వదిలేది కాదు. నిన్ననే కొత్త ట్యూబులైటు వేయించాను. ఇదీ దండగదే.