బేగాయిమ్ ఎందుకు కరుస్తోంది

జూరాకాన్ అక్క మా ఊరి పిల్లల బడిలో పదకొండేళ్లు చిన్నపిల్లల్ని చూసుకుంది. నరిన్ పట్నంనుంచి పట్టా ఉన్న కొత్తావిడ రాగానే, చదువు లేదని అక్కను గదిలోంచి తీసేసి వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీయడానికి పెట్టారు. కాగితం ముందు పదకొండేళ్లు ఏపాటి!

మా తోబుట్టువు మాస్కోకు పనికి పోయినప్పటినుంచీ ఆమె ఐదేళ్ల కూతురు బేగాయిమ్ మా అమ్మ దగ్గరే పెరుగుతోంది. ఆ చలికాలం అది బడిలో తోటిపిల్లల్ని కరవడం మొదలుపెట్టింది. ఇంకొక్కసారి కరిస్తే పేరు కొట్టేస్తామన్నారు. అప్పుడు అమ్మ ఉన్ని తివాచీల పని మానుకుని ఇంట్లో కూర్చోవాలి. మా ఇల్లు గడిచేది ఆ పనిమీదే. "తల్లి దగ్గర లేని పెంపకం" అంది పట్టా ఆవిడ. "దిష్టి" అంది అమ్మ. అమ్మను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

జూరాకాన్ అక్క అడిగింది. వంటింటి వెనక గుమ్మంలో కూర్చోబెట్టి టీ పోసింది.

"పెద్దమ్మా, అది కరిచాక ఏం జరుగుతుంది?"

"ఏముంది, ఫోన్ చేస్తారు. పని వదిలి పరిగెత్తుకొస్తా. వీపున వేసుకుని ఇంటికి తీసుకుపోతా. అర్చ చెట్టు కొమ్మ కాల్చి, ఆ పొగ తలచుట్టూ తిప్పి దిష్టి తీస్తా. తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని రొట్టెకు మీగడ రాసి పెడతా."

"కరవని రోజున?"

"కరవని రోజు నాకు తీరికెక్కడిదే? చీకటిపడేదాకా ఉన్నితోనే సరి."

అక్క ఇంకాస్త టీ పోసింది. అమ్మ టీ గిన్నె నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"ఒసే జూరాకాన్! దిష్టీ లేదు, పాడూ లేదు. ఆ దొంగపిల్ల నాకోసం కరుస్తోందే!"

"నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఇంట్లో ఉండేది నువ్వేగా."

"మరి దిష్టి తీయడం మానెయ్యనా?"

"ఎందుకూ? రోజూ తీయి. కరిచినా కరవకపోయినా, పొద్దున్నే."

మర్నాటినుంచి మా ఇంట్లో పొద్దున్నే పొగ, ఒడి, మీగడ. మూడోరోజు బేగాయిమ్ ఒకడి చొక్కా చెయ్యి పళ్లతో పట్టుకుని, ఏమనుకుందో, వదిలేసిందట. మంచు కరిగేనాటికి కరవడమే మరిచిపోయింది. పేరు బడిలోనే ఉంది. ఇదంతా తన పద్ధతేనని పట్టా ఆవిడ పైవాళ్లకు నివేదిక రాసుకుంది.

పోయిన ఆదివారం పశువుల సంతలో అక్క కనిపించింది. నివేదిక సంగతెత్తి నేను మండిపడితే పగలబడి నవ్వింది.

"దాన్ని వదిలెయ్ తమ్ముడూ, ముందు మీ అమ్మను ఆపు! మొన్న మా ఆయన అలిగి తిండి మానేస్తే, ఇంటికొచ్చి 'అంతకుముందు నువ్వేమన్నావే?' అని నన్ను నిలదీసింది. ఏం చెప్పమంటావు, తప్పు నాదేనని తేలింది!"