రెబ్కా సాకిన కుక్కపిల్ల

మా పేటలో రెబ్కా నోటికి జడవనివాళ్ళు లేరు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఒంటిమనిషే. కూలికి వెళ్తుంది, వచ్చాక వీధిలో ఎవరితోనో ఒకరితో తగువేసుకుంటుంది, కాసేపటికి వాళ్ళింటికే కూరగిన్నె పట్టుకెళ్తుంది. అలాంటి మనిషి ఈ ఫిబ్రవరిలో కుక్కపిల్లను తెచ్చుకుందంటే ముందు మేమెవరం నమ్మలేదు.

దాని తల్లి మిరపకాయల టిక్కీ బస్తాలు మోసే ట్రాక్టరు కింద పడి చచ్చిపోయింది. పిల్లకి గిన్నెలో పాలు పోస్తే నాకడం కూడా రాదు. రెబ్కా దాన్ని కొంగులో వేసుకుని తెచ్చింది. గేదెపాలు చిక్కగా పడితే అరగవని ఎవరో చెబితే, నీళ్ళు కలిపి, గోరువెచ్చగా చేసి, వేలు ముంచి నోట్లో పెట్టేది. అది ఒకసారి చప్పరించి, కుయ్యిమని మూతి తిప్పేసుకునేది. తల్లి మీద బెంగ అనుకున్నాం. తలా ఒక సలహా ఇచ్చాం. ఒకరు పెరుగన్నం అన్నారు, ఒకరు ఉడికించిన గుడ్డు అన్నారు. రెబ్కా అన్నీ మెత్తగా పిసికి పెట్టింది. తినకపోతే దవడ నొక్కి మరీ పెట్టింది. నాలుగు మెతుకులు లోపలికి పోతే బతుకుతుందని ఆవిడ ఆశ. అది మాత్రం ఎముకలు తేలిపోతూ వచ్చింది.

ఒక సాయంత్రం పక్కింటి నజ్మీన్ స్పూనుతో పాలు పట్టి చూసింది. నజ్మీన్ మిషను కుట్టుకునే పిల్ల, పొలం పనులకి రాదు. కుక్కపిల్ల మొదట మూతి బిగించింది గానీ, ఒక చుక్క పెదవికి తగలగానే నాకడం మొదలుపెట్టింది. రెబ్కా సంబరపడిపోయి తనూ పాలలో వేలు ముంచి చాపింది. కుక్కపిల్ల వెనక్కి వెనక్కి జరిగి గోడకు అంటుకుపోయింది.

"పిన్నీ, నువ్విప్పుడు కల్లం నుంచేగా వచ్చింది?" అంది నజ్మీన్.

రెబ్కా తన వేళ్ళు చూసుకుంది. ఒక వేలు నాలుకకి రాసుకుంది.

తెలియని సంగతా అది? మిరప తొడిమలు తీసే రోజుల్లో మా ఆడవాళ్ళెవరూ చంటిపిల్లలకి చేత్తో అన్నం పెట్టరు. సబ్బుతో రుద్దినా, ఆముదం రాసినా గోళ్ళసందుల్లో ఘాటు పోదు. ఇంట్లో ముసలమ్మో, ఆడబిడ్డో పెట్టాల్సిందే. పోయినేడు మా పేట జాస్మిన్ కల్లం నుంచి వచ్చి కొడుక్కి ముద్ద కలుపుతుంటే, కంచం లాక్కుని నలుగురిలో చెడతిట్టింది ఈ రెబ్కానే. కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి ఆవిడకి తోచలేదు. సలహాలు చెప్పిన మాకూ తోచలేదు.

ఆ తర్వాత రెబ్కా చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని స్పూనుతో పట్టబోయింది. కానీ ఆవిడ వాసన తగిలితేనే అది మంచం కిందికి దూరేది. చివరికి నజ్మీన్ పట్టినా మింగలేకపోయింది. నోరంతా పూసిపోయి ఉంది. పశువుల డాక్టరు చూసి, ఇన్నాళ్ళు కడుపులో ఏమీ లేక బాగా నీరసించింది, ఆలస్యం చేశారన్నాడు. ఆదివారం రెబ్కా చర్చి నుంచి వచ్చేసరికి దానికి ఊపిరి లేదు. గొయ్యి తవ్వడానికి ఎవర్నీ సాయం రానివ్వలేదు.

సోమవారం పొద్దున కల్లానికి పోయే ఆటో కోసం నిలబడ్డప్పుడు జాస్మిన్ ఓదార్పుగా, మా దొడ్లో కుక్క ఈనింది, ఒక పిల్లని తెచ్చిస్తానంది.

రెబ్కా అరవలేదు. నెమ్మదిగానే అంది.

"ముట్టుకోకుండా సాకే పిల్లేదన్నా ఉంటే తేవే."

ఆటో వచ్చింది. అందరికంటే ముందు తనే ఎక్కి కూర్చుంది.