పిల్లలు నిద్రపోయే బండి

సొంతంగా నడవలేని నలుగురు పిల్లల్ని ఊరికి ఆ చివరనున్న బడికి తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆయన పని. పదకొండేళ్లుగా అదే. గుమ్మం దాకా వెళ్లి పిల్లను ఎత్తుకుని, కారు తలుపుకి తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి, సీట్లో కూర్చోబెట్టి, "పోదామా తల్లీ" అని అడిగాకే బండి కదిలించేవాడు.

చలి మొదలైనప్పటి నుంచీ పిల్లలు బండెక్కగానే నిద్రలోకి జారుకుంటున్నారు. ఆయనకది ముచ్చటగా ఉండేది. "నా చేతిలో బండి ఉయ్యాలలా పోతుందమ్మా" అని తల్లులతో చెప్పుకునేవాడు. వాళ్లూ నవ్వి, ఉయ్యాల డ్రైవరని పేరు పెట్టేశారు.

బండి ఫిట్‌నెస్ గడువు శుక్రవారంతో అయిపోతుంది. ఆ కాగితం లేకపోతే బడివాళ్లు పిల్లల్ని ఎక్కించుకోనివ్వరు. ఆ నలుగురూ దూరమైతే ఆయనకు వేరే బతుకు తెలియదు. గురువారం పిల్లల్ని దించేసి, దేవుణ్ణి తలుచుకుని తనిఖీకి వెళ్లాడు. వరుసలో ముందున్న లారీ డ్రైవరు ఈ బండి ముందద్దం మీద 'బడి పిల్లలు' అన్న రాత చూసి పక్కకు జరిగాడు. "మీరు ముందు కానిచ్చుకోండి, నాకేం తొందర్లేదు" అన్నాడు. ఆ మాటకే ఆయన మనసు సగం కుదుటపడింది.

బ్రేకులు బాగున్నాయి, దీపాలు బాగున్నాయి. బండిని గుంట మీదికి ఎక్కించాక ఇన్‌స్పెక్టరు కిందికి దిగి, ఇంజను ఆడుతుండగా సైలెన్సర్ గొట్టం చివర గుడ్డతో అదిమి పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే ఇంజను మూలిగి ఆగిపోవాలి. ఇది ఏమీ ఎరగనట్టు ఆడుతూనే ఉంది.

"ఇలా కిందికి రండి పెద్దాయనా. పొగ చివరిదాకా రావట్లేదు. మధ్య సీటు కింద అతుకు విడిపోయింది."

"చప్పుడేం రాలేదు సార్."

"పైన రేకు కప్పుకుని ఉంది, చప్పుడు దాచేసింది." ఇన్‌స్పెక్టరు టార్చి ఇంకాస్త పైకెత్తాడు. "బండి నేలకి ఈ కంతలేంటి?"

"రబ్బరు బిరడాలుండేవి సార్. నేనే తీసేశాను. పిల్లలు వాంతి చేసుకుంటారు కదా, రోజూ కడుగుతాను. నీళ్లు నిలవకుండా పోతాయని." చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది. బండిని అంత శుభ్రంగా ఉంచేవాళ్లు ఎవరున్నారు?

ఇన్‌స్పెక్టరు టార్చి ఆర్పేశాడు. "వెనక అద్దాలు మూసే ఉంటాయా?"

"చలి కదా సార్."

"పిల్లలు తలనొప్పి అంటారా? మత్తుగా నిద్రపోతారా?"

ఆయన గుంట గోడ పట్టుకున్నాడు.

"ఈ పొగలో ఉండే విషానికి వాసన ఉండదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "మీకేం తెలియలేదా?"

"నా పక్క అద్దం రెండు వేళ్లు దించుకుంటాను. గాలి ఆడకపోతే ఉండలేను." అనేసి ఆయన తల వంచుకున్నాడు.

"రేపు బాగుచేయించి తెండి, నేనే చూస్తాను. పిల్లలకి మాత్రం ఇవాళే రక్తపరీక్ష చేయించమనండి."

వెల్డింగు షాపు ఆయన చెల్లెలి భర్తదే. బండి కిందికి దూరి గంటలో అతుకు వేసి, కంతలకు బిరడాలు బిగించి బయటికొచ్చాడు. "ఏంటి బావా, సైలెన్సర్ పగిలింది బండికా నీకా, మాటే లేదు" అన్నాడు. సంగతంతా విన్నాక మాత్రం నవ్వలేదు.

"అతుకు పడింది, కాగితం వస్తుంది. ఇక నోరెత్తకు. చెప్పావంటే ఒక్క తల్లీ పిల్లని పంపదు. నోటి దగ్గర కూడు నువ్వే తోసేసుకుంటావా?"

"చెప్పకపోతే వాళ్లని డాక్టరుకెవరు చూపిస్తారు బావా?"

వెల్డరు షట్టరు దించి, తన వ్యాను తాళాలు తీసుకున్నాడు. "పద. సాయంత్రం పిల్లల్ని నేను దించుతాను. నువ్వు పక్కన కూర్చో."

అందరిలో చిన్నది దర్జీ ఆవిడ కూతురు. నెల రోజులుగా తరగతిలో తూగుతోందని టీచరమ్మ చీటీ పంపితే, తల్లి పిల్లను కొట్టింది. మర్నాడు ఏడ్చి వాచిన ముఖంతో బండెక్కిన పిల్ల ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. బండి కుదుపులకు బాధ మరిచిందనుకుని ఆయన ఆ రోజు ఇంకా నెమ్మదిగా నడిపాడు. ఇంకాస్త ఎక్కువసేపు.

సాయంత్రం బావ వ్యానులో పిల్లలందర్నీ ఇళ్లకు చేర్చేశాక, సంగతి చెప్పడానికి మొదట ఆ ఇంటికే వెళ్లాడు. ఆమె కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరిస్తోంది. నిలబడే అంతా చెప్పాడు: పొగ, కంతలు, తన పక్కన దించిన అద్దం. ఏదీ దాచలేదు.

ఆమె కత్తెర కింద పెట్టింది. "నేను దాన్ని కొట్టాను అన్నయ్యా."

"తెలుసమ్మా."

"మీరు కాసేపు బయటికెళ్లండి."

తలుపు మూసుకుంది. లోపల ఏడుపు వినపడలేదు, అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. పొద్దున తన పని నిలబెట్టమని మొక్కుకున్నాడు. ఇప్పుడు ఆ ఊసే రాలేదు. పిల్లల రక్తం శుభ్రంగా ఉంటే చాలు తండ్రీ, తర్వాత నన్నేం చేసినా సరే అనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. పిల్లకు స్వెటరు తొడిగి చంకనేసుకుంది ఆమె. "ఆసుపత్రికెళ్లాలి. ఆ వ్యాను మీదేనా?"

"మా బావది. ఇటివ్వమ్మా, నేను ఎత్తుకుంటా."

"వద్దు." ఆమె పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది. రెండడుగులు వేసి ఆగింది. "దారిలో మిగతా ముగ్గురి ఇళ్ల దగ్గరా ఆపించండి. వాళ్లనీ తీసుకెళదాం. కానీ నేను చెప్పను. మీరే దిగి చెప్పండి."

వెల్డరు నాలుగు అద్దాలూ దించేసి బండి తీశాడు. రెండో ఇంటి ముందు దీపం వెలుగుతోంది. ఆయన దిగి గేటు గడియ తీశాడు.