కథలో నా ఊఁ

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఇంట్లో నవ్వుతారు. తల నెరవకముందే నీకు ఆ రోజులేమిటని అడుగుతారు. కానీ కంప్యూటర్లతో పనిచేసేవాళ్లకు రోజులు తొందరగా పాతబడతాయి. చర్ల దగ్గరి గ్రంథాలయంలో నేను ఉద్యోగానికి చేరినప్పుడు అక్కడ కరెంటు ఉంటే నెట్‌వర్క్ ఉండేది కాదు, నెట్‌వర్క్ ఉంటే కరెంటు ఉండేది కాదు. అయినా డిగ్రీలో కంప్యూటర్లు చదివినదాన్ని కాబట్టి గ్రంథాలయాలను ఉద్ధరించే భారం నాదేనని దమ్మపేటలో బస్సెక్కేటప్పుడే తీర్మానించుకున్నాను. మా అమ్మకు మాత్రం నామీద అంత నమ్మకం లేదు. "ఏం చెప్పినా ఫోన్‌లో తల పెట్టి ఊఁ అంటావు, ఒక్క ముక్క వినవు. అక్కడ నిన్నెవరు భరిస్తారే?" అని సాగనంపింది. (దానికీ ఊఁ అన్నానట.)

నేను చేరిన కొత్తలోనే ఖమ్మం పెద్దాఫీసు నుంచి ఒక మైకు, కంప్యూటరు, ట్యాబ్ వచ్చాయి. పుస్తకాలకెక్కని కథలను పెద్దవాళ్ల గొంతులోనే రికార్డు చేసి, ఎవరైనా ఫోన్‌లో వినేలా పెట్టాలట. నెలాఖరులోగా ఒక్క కథైనా పంపకపోతే సామానంతా వేరే ఊరికి తరలిస్తామని కూడా చెప్పారు. మా లైబ్రేరియన్ పెద్దసారు ఆ మైకును పసిబిడ్డను చూసినట్టు చూసి, "ఇన్నేండ్లకు మన దిక్కు చూసిండ్రు. దీన్ని పోనియ్యొద్దమ్మా" అన్నారు. నేను భరోసా ఇచ్చాను. భరోసా ఇవ్వడంలో నన్ను మించినవాళ్లు లేరు.

కథలంటే మా చుట్టుపక్కల ఇప్పపూల అవ్వే. ఎండాకాలం వస్తే ఆమె వాకిలి నిండా ఇప్పపూలు ఆరుతుంటాయి, అందుకే ఆ పేరు. కథలో సగం తెలుగు, సగం కోయ మాటలు చెబుతుంది. పాత పేపర్ల గదికి నాలుగువైపులా బొంతలు కట్టి నేను తయారుచేసిన స్టూడియోలో ఆమెను కూర్చోబెట్టాను. లోపల ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

"ఎవరికి చెప్పాలె బిడ్డా?" అంది అవ్వ.

"ఈ మైకుకు అవ్వా."

"అది ఊఁ అంటదా?"

అనదని ఒప్పుకున్నాను. అయితే నువ్వు అను, అంది. ఆ ఊళ్లలో కథ చెబుతుంటే ఎదుటివాళ్లు మాటమాటకూ ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథ అక్కడే ఆగిపోతుంది. రికార్డింగులో రెండో గొంతు ఉండకూడదని పెద్దాఫీసులో ఈ పని చూసే ఖమ్మం సారు గట్టిగా చెప్పి ఉన్నారు కాబట్టి నేను తెలివిగా తల మాత్రమే ఊపాను. "తలకాయ ఊపితే నాకేం ఎర్క? నోటితో అను" అంది అవ్వ. ఇక చేసేదేం లేక ఊఁ అన్నాను. ఎలుగుబంటికీ నక్కకూ ఇప్పచెట్టు కింద తగువు మొదలైంది. కథ ఒకవైపు, స్క్రీన్ మీద గొంతును బట్టి లేచిపడే గీతలు ఒకవైపు. నా కళ్లు గీతల మీదే ఉన్నాయి.

"పూలన్నీ ఎలుగే తిన్నదా?" అని అడిగింది అవ్వ.

"ఊఁ."

"తినలే. నీ మనసు ఏడనో ఉంది." చెప్పిందంతా పక్కనపెట్టి కథ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. నేనూ రికార్డింగ్ కొత్తగా మొదలుపెట్టి ఈసారి వింటూనే ఊఁ కొట్టాను, ఒక్కచోట మాత్రం కళ్లు మళ్లీ గీతల మీదికి పోయాయి.

కథ పూర్తయ్యాక నా అసలు ప్రతాపం మొదలైంది. కలుపు తీసినట్టు కూర్చుని నా ఊఁలన్నీ ఒక్కొక్కటిగా కత్తిరించాను. ఖమ్మం సారు విని భలే శుభ్రంగా ఉందన్నారు. చెప్పినవాళ్లు విని ఒప్పుకుంటేనే కథను లోకానికి వదలాలని నియమం. నెలాఖరు రోజున ట్యాబ్ పట్టుకుని పెద్దసారూ నేనూ అవ్వ వాకిట్లో దిగాం. అవ్వ కాసేపు విని లేచి నిలబడింది.

"గిది నా కథ కాదు. ఊఁ అనేటోళ్లు లేనికాడ నేనెందుకు మాట్లాడుత? పిచ్చిది ఒక్కతే మాట్లాడుకుంటుందనరా? వద్దు. తీసెయ్యి."

సాయంత్రంలోగా కథ వెళ్లకపోతే మైకు వెళ్తుంది. కత్తిరించని పాత రికార్డింగ్ అదృష్టం కొద్దీ నా దగ్గర ఉంది. అది వినిపించగానే అవ్వ మళ్లీ కూర్చుంది, ముఖం విప్పారింది. "అవ్, గిది నాది" అంది. సిగ్నల్ కోసం పెద్దసారుతో కలిసి గుట్టెక్కి ఖమ్మం సారుకు ఫోన్ చేశాను. పేరు లేని రెండో గొంతు రికార్డింగులో ఉండకూడదు, రూల్ అన్నారాయన. పెద్దసారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. "పేరు లేకపోవుడే తప్పయితే పేరు పెడుతం సార్. కథ చెప్పింది ఫలానా అవ్వ, ఊఁ కొట్టింది ఫలానా అమ్మాయి. ఊఁ లేకుంటే మా దిక్కు కథే లేదు." అటునుంచి ఖమ్మం సారు, "సరే, అట్లనే పంపండి" అన్నారు.

మైకు మా దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత ఎందరో పెద్దల కథలు ఫోన్లకెక్కాయి, ప్రతిదానికీ ఊఁ కొట్టినవాళ్ల పేరుతో సహా. చెప్పుకోవద్దూ, నాకది చాలా గర్వం. పుస్తకాల మీద పేరు పడ్డవాళ్లు చాలామంది ఉంటారు, ఊఁ మీద పేరు పడ్డదాన్ని మాత్రం మా దిక్కు మొదట నేనే. మా గ్రంథాలయంలో పిల్లలు స్పీకర్ చుట్టూ చేరి కథ వింటూ ఒక్కసారిగా ఊఁ అంటారు. గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డును పెద్దసారు ఎప్పుడో తీయించేశారు.

మొన్న దమ్మపేట వెళ్లినప్పుడు మా అమ్మ వంటగదిలో ఫోన్ పెట్టుకుని ఎలుగుబంటి కథ వింటోంది. పక్కనే నిలబడ్డాను. కథ మధ్యలో ఒకచోట గరిటె ఆపి నావైపు తిరిగింది. "మిగతావన్నీ బానే ఉన్నాయి గానీ, ఈ ఒక్క ఊఁ మాత్రం వినకుండా అన్నదే" అంది. సరిగ్గా చోటు పట్టేసింది. స్క్రీన్ మీది గీతలకు కళ్లప్పగించి కూర్చున్న ఆ పిల్ల నాకు కనిపించి నవ్వొచ్చింది, కొంచెం ముద్దుగా కూడా అనిపించింది. అమ్మ కథను కాస్త వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. ఈసారి విని, ఊఁ అన్నాను.