నిలవని చెయ్యి

పులగం వండడం పెద్ద విద్యేమీ కాదు. పొట్టు పెసరపప్పును దోరగా వేయించి, కడిగిన బియ్యంలో కలిపి, నాలుగు మిరియాలు, కాస్త జీలకర్ర, ఉప్పు వేసి, అన్నానికి పోసేదానికంటే ఒక గ్లాసు ఎక్కువే నీళ్లు పోసి మెత్తగా ఉడికిస్తే చాలు. దించేముందు నెయ్యి. రుచంతా పక్కన వేసుకునే నిమ్మకాయ ఊరగాయలో ఉంటుంది. ముసురు పట్టినప్పుడూ, జ్వరం వచ్చి లేచినప్పుడూ, ఎవరిమీదైనా అలిగి పొద్దున్నుంచి తినకుండా ఉన్నప్పుడూ మా ఇంట్లో ఇదే.

మా ఇందుకూరుపేట వైపు నా ఊరగాయకు పేరుంది. గొప్పలు చెప్పుకుంటోందని అనుకోకండి. ఆ పేరు నాకెలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా. గూడూరు నుంచి నిమ్మకాయల మూట దిగిందంటే చుట్టుపక్కల ఆడవాళ్లు ఉప్పూ కారం కొలిచి పెట్టుకుని, కలపడానికి మాత్రం నన్ను పిలుస్తారు. వెళ్లి చెయ్యి పెట్టి కలిపి, కాఫీ తాగి వస్తాను. పిలవకపోతే కోపం కూడా వస్తుంది.

మాలో ఒక నమ్మకం ఉంది. ఊరగాయ నిలవుండేది ఉప్పు వల్ల, ఎండ వల్ల అని అందరికీ తెలుసు. అయినా మంచీ చెడూ చివరికి కలిపిన చేతికే అంటగడతారు. కొందరి చేతికి నిలుస్తుందట, కొందరి చేతికి నిలవదట. ఒకసారి నిలవని చెయ్యి అనిపించుకుంటే ఇక ఆ మనిషికి జన్మంతా అదే పేరు. మా తోడికోడలికి ఆ పేరు వచ్చింది నా వల్ల.

ఆమె మా మరిదిని చేసుకుని వచ్చిన మొదటి ఏడు అది. నేను అప్పటికే ఆరేళ్ల కోడలిని. అంతవరకు ఊరగాయ కలిపేది మా అత్త, ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే నేను. ఆ ఏడు మా అత్త కొత్త కోడలిని పీట మీద కూర్చోబెట్టి, “ఈసారి నువ్వు కలుపమ్మా” అంది. నావైపు తిరిగి, “నువ్వు జాడీ సంగతి చూడు” అంది. జాడీ సంగతి చూడడమంటే వేడినీళ్లతో కడిగి, మిద్దె మీద ఎండలో పెట్టి, లోపల చెయ్యి పెడితే వేడి తగిలేదాకా ఆరబెట్టడం. ఊరగాయకు ప్రాణం అక్కడే ఉంటుంది. నాకు మాత్రం అంట్లు తోమమన్నట్టు అనిపించింది. మూతి ముడుచుకుని మిద్దె ఎక్కాను.

మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. చినుకు పడలేదు గానీ గాలి చెమ్మగా మారింది. మళ్లీ ఎండ వచ్చేదాకా ఆగాల్సింది, లేదంటే పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టాల్సింది. టీవీలో సీరియల్ మొదలయ్యే వేళ. జాడీని కిందికి తెచ్చి తువ్వాలుతో తుడిచాను. అడుగున చెయ్యి పెడితే చల్లగా తగిలింది. తెలిసీ “చాల్లే” అనుకున్నాను. అది బద్ధకమా, కడుపుమంటా అని ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేను అడిగాను. బద్ధకమేనని సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఆ పిల్ల ఎంత శ్రద్ధగా కలిపిందో ఇంకా నా కళ్ల ముందే ఉంది. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, ఊపిరి బిగబట్టి, ముక్క ముక్కకీ కారం పట్టిందో లేదో చూసుకుంటూ కలిపింది.

ఇరవై రోజులకు జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పితే పైనంతా తెల్లగా బూజు. మా అత్త తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్లు సాయంత్రానికి ఆమెకే గుర్తుండేవి కావు. తిట్టకుండా జాలిపడింది. “కొందరి చెయ్యి అంతేలేమ్మా, దానికి నువ్వేం చేస్తావు” అంది. ఆ అమ్మాయి తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు, నేను ఆపాటి కూడా చెయ్యలేదు. జాడీ ఎత్తుకెళ్లి పెరట్లో గుంట తీసి కుమ్మరించి వచ్చాను. లోపల ఎక్కడో కాస్త సంతోషం కూడా కలిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కలిగింది.

మరుసటి ఏడు కలిపే పని మళ్లీ నాకే వచ్చింది. ఆమె కాయలు తరిగేది, ఎండలో తిప్పేది, మెంతులు వేయించి దంచేది. కలిపే వేళకు తనంతట తానే లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. కొన్నాళ్లకు మా మరిది సూళ్లూరుపేటలో కొట్టు పెట్టుకున్నాడు, కాపురం అక్కడికి మారింది. ఏడాదికి రెండు సీసాల ఊరగాయ పంపేదాన్ని. “మా అక్క మనసు వెన్న” అని ఆమె అందరితోనూ చెప్పేదట. విని నోరు మూసుకున్నాను. మామూలుగా నా నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

చెబుదామని అనుకోలేదా అంటే, అనుకున్నాను. మొదట్లో అత్తంటే భయం. తర్వాత, ఇంత చిన్న విషయం ఇప్పుడెందుకు తవ్వడం అనిపించింది. ఆ తర్వాత నా చేతికి పేరు వచ్చేసింది. వచ్చిన పేరును ఎవరు వదులుకుంటారు? పాతికేళ్లు అలాగే గడిచిపోయాయి.

ఆ తోడికోడలి కూతురు ఇంజనీరింగ్ చదివి, పోయిన ఏడాది కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో ఉద్యోగంలో చేరింది. హాస్టల్లో ఉంటుంది, సెలవు దొరికితే మా ఇంటికి వస్తుంది. మొన్న కార్తీకంలో ముసురుకు తడిసి, తుమ్ముతూ వచ్చింది. తల తుడుచుకోమని చెప్పి పులగం పడేశాను. వేడివేడిగా వడ్డించి, నెయ్యి వేస్తూ, “ఆ జాడీలోంచి రెండు ముక్కలు వేసుకో” అన్నాను.

“నేను తియ్యను పెద్దమ్మా, నువ్వే వెయ్యి.”

“ఏమే, చెయ్యి నొప్పా?”

“మాది నిలవని చెయ్యి గదా! ఇంట్లో అమ్మ సీసా మూత కూడా నాన్న చేతనే తీయిస్తాది. ఇంత మంచి ఊరగాయ నా వల్ల పాడైపోతే ఎట్టా?” అని నవ్వింది.

అంత పెద్ద ప్లాంటులో కంప్యూటర్ల ముందు కూర్చుని ఏవేవో నడిపించే పిల్ల. నవ్వుతూనే చెప్పింది గానీ, ఒళ్లో పెట్టుకున్న చెయ్యి పైకి తియ్యలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల పుట్టకముందు నేను చేసిన పని ఆ పిల్ల చేతిని కూడా పట్టుకుంది.

గిన్నె కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మబ్బు, తువ్వాలు, చల్లటి అడుగు, సీరియల్, అన్నీ చెప్పాను. ఆ పిల్ల ముద్ద కలపడం ఆపి వింది. ముఖంలో నవ్వు పోయింది.

“ఇది నాకు కాదు పెద్దమ్మా చెప్పాల్సింది” అని ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

“ఏందక్కా, బిడ్డ వచ్చిందా? తడిసిందా?” అంది తోడికోడలు.

వచ్చిందని చెప్పాను. పులగం తింటోందని చెప్పాను. ఆ తర్వాత మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. “నువ్వు వచ్చిన ఏడు ఊరగాయకు బూజు పట్టింది చూడు, అది నీ చేతి వల్ల కాదు. జాడీ తడిగా ఉండింది. నేనే సరిగ్గా ఎండబెట్టలేదు. నాకు ఆ రోజే తెలుసు.”

తిడుతుందని కాచుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“అత్తకు ఎప్పుడన్నా చెప్పినావా అక్కా?”

“లేదు.”

మా అత్త చివరి ఏడాది వాళ్ల దగ్గరే ఉంది. చెన్నై ఆస్పత్రికి అక్కడి నుంచి రైలు సులువని తీసుకెళ్లారు. ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, మందులు వెయ్యడం అన్నీ ఈమే చూసింది. నేను రెండుసార్లు వెళ్లి పలకరించి వచ్చాను.

“ఆఖర్న అత్తకు ఏమీ లోపలికి పోయేది కాదక్కా, పులగం ఒక్కటే. నేనే కలిపి ముద్దలు పెట్టేదాన్ని. ఒకసారి నువ్వు పంపిన ఊరగాయ అయిపోయింది. ఇంట్లో కాయలుండినాయి. కొంచెం నేను వేస్తానత్తా అన్నాను. ‘వద్దులేమ్మా, నీ చెయ్యి మనకు తెలుసు గదా’ అనింది. కోపంగా అనలా. నా చెయ్యి పట్టుకోనే అనింది.”

ఆమె గొంతు మామూలుగానే ఉంది.

“ఆమె అట్టనే అనుకోని పోయింది గదా అక్కా.”

“అవునమ్మా” అన్నాను.